టోప్లీలు విప్పమన్న చోట

సూర్యాపేటలో ఆ పెద్ద ప్రైవేటు దవాఖాన మెట్ల మీద తారా పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. లోపల ఆమె పెనిమిటి ఫకీరా ఉన్నాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆపరేషన్. మత్తు ఎక్కేలోపు ఒక్కసారి ఆయన కంటపడాలని తారా ఆరాటం.

అడ్డం వచ్చిందల్లా గుమ్మంలో పెట్టిన కొత్త మిషిన్. ఎవరో రోగి తాలూకు మనుషులు డాక్టరు మీద చెయ్యి చేసుకున్నారట. అప్పట్నుంచి లోపలికి పోయే ప్రతి మనిషీ ఆ గాజు గదిలో చేతులెత్తి నిలబడాలి. బట్టల కింద ఏం దాచినా పక్కనున్న తెర మీద మొహం లేని బొమ్మ లేచి, అనుమానమున్న చోట పసుపు మచ్చ వెలుగుతుంది. కొట్టినవాళ్లు ఎవరో, చేతులెత్తేవాళ్లు ఎవరో! జబ్బుపడ్డవాళ్ల కోసం వచ్చిన జనాన్ని దొంగల్లా నిలబెట్టాలని తోచిన ఆ మహానుభావుడికి ఒక దండం.

తారాది లంబాడీ తండా. చెంపల పక్కన జుట్టుకు అల్లుకున్న వెండి టోప్లీలు పెళ్లినాడు కట్టినవి. మొగుడు పోతేనే వాటిని విప్పేది. కాపలా ఉన్న కృపారాణి చెడ్డదేం కాదు. వెండితో మిషిన్‌లోకి పోకూడదు, విప్పి ట్రేలో పెడితే అవతల మళ్లీ ఇచ్చేస్తామని మెత్తగానే చెప్పింది.

"ఆయన గాడ కత్తి కిందికి పోతుంటే, నేను గీడ టోప్లీలు ఇప్పాల్నా బిడ్డా?" అంది తారా.

రూలు తన చేతిలో లేదంది కృపారాణి. ఆ బొమ్మలు ఇంకా ఎవరెవరు చూస్తారని తారా అడిగితే, తనకూ తెలియదంది.

తారా మళ్లీ మెట్ల మీదికే వచ్చింది. ఎండకు కళ్లు మూతలు పడ్డాయి. మిల్లులో వడ్లు ఉడికే ఆవిరి కమ్ముకొచ్చింది. ఆ ఆవిరిలోంచి మొహాల్లేని మనుషులు ఒక్కొక్కరే నడిచి వస్తున్నారు. అందులో ఒక బొమ్మ తనదే. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎవరి గదిలోకో వెళ్లిపోతోంది, పిలిచినా వెనక్కి తిరగడం లేదు. ఇంతలో సాగర్ కాలువలో ఈదుతూ ఫకీరా ఒడ్డుకొచ్చాడు. నవ్వుతూ ఆమె చెంప తడిమాడు, టోప్లీలు తగలక నవ్వు ఆపేశాడు. నువ్వెవరు అని అడిగాడు.

ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా కూతురు వనిత. కోదాడలో బట్టల షాపులో పనిచేస్తుంది, కబురు తెలిసి బస్సెక్కి వచ్చింది. టోప్లీల సంగతి తల్లి చెప్పింది.

"ఐదు నిమిషాలు తీస్తే ఏమవుద్దమ్మా? ఇప్పుడు ఎక్కడికెళ్లినా ఇవే," అని విసుక్కుంది. చూడు, నేను పోతున్నా కదా అని గాజు గదిలోకి వెళ్లి చేతులెత్తింది.

తెర మీద బొమ్మకి నడుము కింద పసుపు మచ్చ వెలిగింది. లైనులో ఉన్న మగవాళ్లంతా అటే చూశారు. అదేమిటని పెద్ద గార్డు లింగస్వామి గట్టిగా అడిగాడు. వనిత తల దించుకుని నెలసరి అని గొణిగింది. అతనికి వినబడలేదు.

"అదేందో తీసి సూపియ్," అన్నాడు.

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. వనిత ఎత్తిన చేతులు దించడం కూడా మరిచిపోయి ఏడుస్తోంది.

తారాకి ఒళ్లు మండిపోయింది. లేచి, తలమీది అద్దాల ఓణీ విప్పి, గాజు గదిలోకి దూరి కూతుర్ని నిలువునా చుట్టేసింది. మిషిన్ కేకలు పెట్టింది. తెరంతా పసుపు మచ్చలే.

"సూసింది సాలు. ఇగ జరుగు," అంది.

లింగస్వామి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అప్పటికే కృపారాణి తెరను గోడ వైపు తిప్పేసింది. తల్లీకూతుళ్లను నేనే లోపలికి తీసుకెళ్లి చేత్తో తడిమి చూస్తానని అతనికి చెప్పి, వాళ్లని దాటించి మూడో అంతస్తు దారి చూపింది.

స్ట్రెచర్ అప్పటికే థియేటర్ తలుపు దాకా వచ్చింది. ఫకీరా కళ్లు తేలిపోతున్నాయి. గాల్లో తడుముతున్న ఆయన చేతిని తారా తన చెంపకు ఆనించుకుంది. వేళ్లు వెండిని పట్టుకున్నాయి.

"ఉన్నయి," అంది ఆమె.

ఆయన మొహం కుదుటపడింది. తలుపు మూసుకుంది. వనిత ఇంకా ఓణీలోంచి బయటికి రాలేదు. కాసేపటికి చాలా చిన్నగా, ఇంటికి పోయేటప్పుడు కూడా ఆ గుమ్మంలోంచే పోవాలా అని తల్లిని అడిగింది.