అబద్ధానికి వచ్చిన ధైర్యం

మా అమ్మకు కోపం వస్తే తోమిన గిన్నెలనే మళ్లీ తోముతుంది. ఎవరినీ తిట్టదు. పొలాల్లో కూలికి పోయే రోజుల్లోనే, నా చిన్నప్పుడు, ఆమె యేసును నమ్ముకుంది. అప్పటినుంచి మా ఇంట్లో బూతు మాట వినబడకూడదు, అబద్ధం ఆడకూడదు. ఒట్టు వేసినా ఊరుకునేది కాదు. "ఒట్టేస్తెనే నిజమైతే, ఉత్తగ చెప్పిందంత ఏంది మరి?" అనేది. నానమ్మ బొంతపల్లి జాతరకు పోతానంటే మాత్రం తనే సద్ది కట్టి, ఆటో ఎక్కించి వచ్చేది.

నేను ఆమెలాంటిదాన్ని కాను. ఒక మనిషి నాశనమైపోవాలని ఏడాది పాటు కోరుకున్నాను.

ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. పాశమైలారంలో నేను పనిచేసే మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి కూడా ఆయనే. నాది ప్యాకింగ్ విభాగం. మా తమ్ముడు అదే కంపెనీలో డ్రమ్ములు దించే పని చేసేవాడు. వాడి గ్లౌజులు చిరిగిపోతే కొత్తవి కావాలని మూడుసార్లు ఆయన్ను అడిగాడు. ప్రతిసారీ "రేపు ఇప్పిస్త తీ" అన్నాడాయన. నాలుగో రోజు యాసిడ్ చిమ్మి తమ్ముడి కుడిచెయ్యి కాలింది. రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు.

వాడు ఆస్పత్రిలో ఉండగానే కంపెనీలో కాగితం తయారైంది. గ్లౌజులు ఇచ్చామని, కార్మికుడే వేసుకోలేదని అందులో రాశారు. కింద సంతకం ఆయనది. చెయ్యి మానకముందే తమ్ముడి ఉద్యోగం పోయింది.

వాణ్ణి ఇంటికి తెచ్చిన ఆదివారం ఆయన ఆపిల్ పండ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కట్టు మీద చెయ్యి పెట్టి, స్వస్థపరచమని ప్రార్థన చేశాడు. గొంతు వణికింది కూడా. నేను కళ్లు మూసుకోలేదు. ఆ వణుకు నిజమో కాదో చూద్దామని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన పోయాక ఆ పండ్లన్నీ తీసుకెళ్లి మోరీలో పారేశాను. అమ్మ చూసింది. గిన్నెలు ముందేసుకుంది.

తర్వాత ప్రతి ఆదివారం చర్చికి పోయాను. భక్తితో కాదు, ఆయన్ను చూడడానికి. ఆడవాళ్ల వైపు కూర్చుంటే ఆయన మెడ వెనక భాగం కనబడేది. పాటలు పాడుతూనే, ఆ మెడ ఎప్పుడు వంగుతుందా అని చూసేదాన్ని. "వందనాలు చెల్లె" అని ఆయన చేతులు జోడిస్తే "ఆ" అని పక్కకు జరిగేదాన్ని. అందరం కలిసి చేసే ప్రార్థనలో, మాకు తప్పు చేసినవాళ్లను మేం క్షమించినట్టు అనే మాట వచ్చేసరికి నా నోరు మూతపడేది. అబద్ధం చెప్పకూడదని కదా మా ఇంటి నియమం! ఆ ఒక్కటీ బాగా పాటించాను.

ఏడాదికి అవకాశం దొరికింది. ఒకరోజు మా లైనులో మందుల పెట్టెల మీద తేదీ తప్పు పడింది. సరుకు గోదాం దాటకముందే పట్టుకున్నారు కానీ పెద్ద ఆఫీసు నుంచి ఒక మేడమ్ విచారణకు వచ్చింది. మొదటి పెట్టె చూసి లైను నడపమని చెప్పాల్సింది నేను. ఆ పొద్దున చూడకుండానే సరే అనేశాను. తప్పు నాదే. కానీ "జల్దీ నడుపు, చూసుడు తర్వాత అని ఇన్‌ఛార్జి సారే అన్నడు" అంటే చాలు. నేను బయటపడతాను, ఆయన ఉద్యోగం పోతుంది. ఆయన ఎప్పుడూ తొందరపెట్టేవాడే కాబట్టి అందరూ నమ్ముతారు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. దాచలేకపోయాను. అంత సంతోషంగా ఉన్నాను.

అమ్మ చేతిలో పని ఆపింది. "గట్ల అన్నడా ఆయన?"

"అనలే. అయితే ఏంది? మనోని మీద రాసింది నిజమా?"

"కాదు."

"మరి?"

"ఆ చెయ్యి సంగతి ఏడాది సంది ఎవలికన్న చెప్పినవా నువ్వు?"

చెప్పలేదు. చెబితే నా ఉద్యోగం కూడా పోతుందని భయపడ్డాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నిజం చెప్పెతందుకు ధైర్యం రాలే నీకు. అబద్ధం చెప్పెతందుకు వచ్చింది. గిదేం ధైర్యం బిడ్డా?" అంది అమ్మ. క్షమించమని మాత్రం అనలేదు. అని ఉంటే ఆమెతో పోట్లాడేదాన్ని.

మర్నాడు విచారణ గదిలో మేడమ్ ముందు ఇద్దరం నిలబడ్డాం. "చూడకుండా నడపమని నీకు ఎవరైనా చెప్పారా?" అని ఆమె అడిగింది. ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్లలో భయం కనబడింది. ఆ భయం నాకు ఎంత తియ్యగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. కావాలనే జవాబు ఆలస్యం చేశాను.

"లేదు మేడమ్. నేనే చూడలే. సార్ ఏం చెప్పలే" అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కళ్లతోనే నాకు దండం పెట్టాడు. అప్పుడు అన్నాను: "ఇంకొకటి ఉంది మేడమ్. మా తమ్ముని గ్లౌజుల సంగతి."

అంతా చెప్పాను, కాగితం మీద రాసి ఇచ్చాను. పక్కన ఆయన ముఖం తెల్లబోయింది. నిజమే చెప్పాను, కానీ ప్రేమతో చెప్పలేదు. ఆయన్ను కొట్టడానికే చెప్పాను. దేవుడికి ఈ తేడా తెలియదని నేను అనుకోను.

డ్రమ్ముల దగ్గర పనిచేసే ఇద్దరు బీహార్ వాళ్లు కూడా సాక్ష్యం చెప్పారు. పాత కాగితం రద్దయింది. తమ్ముణ్ణి మళ్లీ తీసుకుని గేటు దగ్గర రిజిస్టరు రాసే పని ఇచ్చారు. నన్ను వారం రోజులు పనిలోంచి ఆపి, వార్నింగ్ లెటర్ చేతిలో పెట్టారు. ఆయన్ను తీసేశారు. సంఘంలో పెద్దరికం కూడా ఆయనే వదులుకున్నాడు. ఒకరోజు ఇంటికి వచ్చి, ప్రార్థన ఏమీ చేయకుండా, "తప్పు చేసిన తమ్మీ. నా నౌకరీ పోతదని భయపడ్డ" అని తమ్ముడితో చెప్పి వెళ్లాడు. తమ్ముడు క్షమించాడు. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

మొన్నామధ్య కిష్టారెడ్డిపేట దగ్గర షేర్ ఆటో ఎక్కితే పక్క సీటులో ఆయన భార్య ఉంది. తిడుతుందనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె కాసేపటికి నా వైపు తిరిగింది.

"మా ఆయన నీ మీద ఒక్క మాట గూడ అనలే అక్కా. ఇంట్ల నన్ను గూడ అననియ్యలే."

నాకు ఒళ్లు మండింది. ఆయన నన్ను తిట్టుకోవాలి, శపించాలి. ఏడాది పాటు నేను ద్వేషించిన మనిషిగానే ఆయన ఉండాలి. అది కూడా నాకు దక్కనివ్వలేదు.

"ఆయన రాసింది మాత్రం అబద్ధమే" అన్నాను.

"అవు అక్కా, అబద్ధమే" అందామె.

పటాన్‌చెరులో ఆటో ఆగింది. దిగేటప్పుడు ఆమె చేతిలో రెండు సంచులు ఉన్నాయి. ఒకటి అందుకుని, ఆమె దిగాక తిరిగి ఇచ్చాను. నాకు ఆ రోజు చేతనైంది అంతే.