అడవి సినిమాకు అమ్మలనూ పిలవండి

పిల్లలకు ఏ పర్యావరణ డాక్యుమెంటరీలు చూపించాలో చెప్పమని కామారెడ్డి లైబ్రరీలో కాగితం అంటించారు. పేర్లు నాకు తెలియవు. మన అడవి కనిపించేవి వేయండి, అమ్మలనూ పిలవండి అంటాను. ఎందుకో చెప్పడానికే మొదటిసారి ఇంత రాస్తున్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుందా? ఎల్లారెడ్డి బడిలో కిటికీలకు గొంగళ్ళు కట్టి, పట్టపగలే అడవి సినిమా వేశారు. మిషను వేడి వాసన, తంబాకు ఘాటు కలిసిపోయాయి. అమ్మలంతా బీడీల చాటలతోనే వచ్చారు మరి! తెర మీద వాన మొదలవగానే మా అవ్వ, అంటే మా అమ్మ, చాట మీద కొంగు కప్పింది.

"ఓ వదినె, గది బొమ్మల వాన!" అని పక్కింటి అత్త పడిపడి నవ్వింది.

"తంబాకు తడిస్తే సినిమావోడు ఇస్తడా?" అంది అవ్వ నవ్వుతూ.

అంతలో తెర మీద అడవి అంటుకుంది. ఒక ఆడనెమలి గుడ్ల మీద నుంచి లేవలేదు. అవ్వ నవ్వు ఆగిపోయింది. బీడీలు చుట్టే తునికాకు బాగా చిగురిస్తుందని మా బాపు ఏటా పొదలకు నిప్పు పెట్టేవాడు.

"ఈసారి అగ్గి పెట్టకు," అంది అవ్వ ఇంటికి రాగానే బాపుతో.

"మరి ఆకెట్ల?"

"కొమ్మలు కొడవలితోని కొడదాం. మేమూ వస్తం."

అందరం వెళ్ళాం. ఒక పొద కింద నాలుగు గుడ్లు కనిపించాయి. బాపు చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు.