ఏలూరు నీళ్లతో బీరు

ఆ మధ్యాహ్నం మేడ మీద ఉన్నవాళ్లు: హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చిన మేడం, మా స్టోరు మేనేజరు, వంటవాళ్లు ఇద్దరు, బీరు కాచిన నేను, రుచి చూడడానికి పిలిచిన ఎనిమిది మంది. ఉన్న సామాను: ఐదువందల లీటర్ల స్టీలు ట్యాంకులు రెండు, గాజు గ్లాసులు, మార్కులు వేసే కాగితాలు, వేయించిన చేప ముక్కలు, ఒక సింకు.

కింది రెండంతస్తుల్లో బియ్యం, సబ్బులు, చీరలు అమ్మే పెద్ద చైన్ స్టోరు మాది. పై అంతస్తులో సొంతంగా క్రాఫ్ట్ బీరు కాచి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మడం కంపెనీ నగరాల్లో మొదలుపెట్టింది. ఏలూరు వంతు వచ్చేసరికి మేడంకి ఇక్కడి నీళ్లు ఉప్పగా ఉంటాయని అనుమానం. హైదరాబాద్‌లో కాచి పీపాల్లో పంపితే చాలని ఆవిడ ఆలోచన. అలా జరిగితే ట్యాంకులు విప్పేస్తారు. నేను గ్లాసులు నింపే మనిషిగా మిగులుతాను. ఆ రోజు తేలాల్సింది అదే.

నాకు మాత్రం ధీమాగానే ఉంది. ఫుడ్ టెక్నాలజీ చదివాక కొంతకాలం ఆక్వా ల్యాబులో చెరువు నీళ్లు పరీక్షించాను. మా నీళ్లని ఆర్వోలో పెడితే ఉప్పుతో పాటు అన్నీ పోయి బీరు చప్పగా దిగుతుంది. అందుకే కాల్షియం కొలిచి తిరిగి కలిపాను. నగరం రెసిపీలో లేనిది ఇంకొకటి కూడా వేశాను: మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, ఐదో వంతు తగ్గించి ఆ మేరకు తాడేపల్లిగూడెం మిల్లు బియ్యపు నూకలు.

పిలిచినవాళ్లలో ఆ నూకలిచ్చిన మిల్లు షావుకారు ఒకరు, మా బాబాయి ఒకడు. కొల్లేటికోట దగ్గర చేపల చెరువులు ఆయనవి. చుట్టమని మేడంకి ముందే చెప్పాను.

"అయితే మొదట ఆయనే చూడాలండీ," అని ఆవిడ నవ్వారు.

బాబాయి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. సింకులో ఉమ్మేశాడు.

మేడం కాగితం మీద సున్నా చుట్టారు.

"ఏంటి బాబాయ్!"

"ఏంట్రా? ఉప్పు లేదు. నీళ్లు మా బాగున్నాయి."

అప్పుడు అర్థమైంది. వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీళ్లు కొల్లేట్లోకి ఎగదన్నుతాయి. చెరువులోకి తోడేముందు కొల్లేటి రైతు నోట్లో పోసుకుని ఉప్పు చూసి ఉమ్ముతాడు. ఆ సంగతి మేడంకి చెప్పాను.

"మరి బీరు ఎలా ఉందండీ?" అని బాబాయిని అడిగారు.

"ఇంకా తాగలేదు కదమ్మా. ఇప్పటిదాకా నీళ్లే చూశాను."

"తాగండి, ఇందులో చేపలేం లేవు," అన్నారు మిల్లు షావుకారు.

బాబాయి ఈసారి గ్లాసు ఖాళీ చేసే దించాడు. "గంజి కమ్మదనం ఉందిరా. మన బియ్యమేనా?"

"మా మిల్లు నూకలేనండీ," అన్నారు షావుకారు. "కోళ్లకి పోసేవి మీకు పోశాడు మీవాడు."

"అయితే ఇన్నాళ్లూ మనకంటే కోళ్లే బాగా తిన్నాయన్నమాట!"

మేడం గట్టిగా నవ్వి, తనూ ఒక గ్లాసు తీసుకున్నారు. సగం తాగి కాల్షియం ఎంత కలిపానో అడిగారు. చెప్పాను. మిగతా సగమూ తాగి, సున్నా కొట్టేశారు.

"పీపాలు వద్దు లెండి. ఈ రెసిపీ విజయవాడకీ రాజమండ్రికీ కూడా పంపించండి," అన్నారు.

ఏలూరు రెసిపీ అన్న పేరుతోనే పంపాను. ఇప్పుడు మూడు ఊళ్లలో దాన్ని కాస్తున్నారు. ట్యాంకులు మొత్తం ఆరు.