ముత్యం ముందు అరవని ఫ్యాన్

ఖతర్‌లో చలిమంట ఏమిటని నవ్వకండి. జనవరిలో ఎడారి గాలి లేచిందంటే పళ్లు టకటకలాడతాయి. గ్యాస్ డబ్బు వరదలా వచ్చిపడుతున్న ఆ ఏళ్లలో దోహాలో ఎవరికి ఏం తోస్తే అది కొన్నారు. అల్ అజీజియాలో ఒక పెద్దాయన తన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే హాల్లో, గోడ తొలిపించి ఇనుప పొయ్యి పెట్టించుకున్నాడు. గాజు తలుపు వెనక తుమ్మకట్టెలు మండుతాయి. పెట్టె కాస్త వేడెక్కగానే అడుగునున్న ఫ్యాన్ దానంతటదే తిరిగి వేడిగాలిని హాల్లోకి తోస్తుంది. ఊరికే తోస్తే ఏ గొడవా లేకపోయేది. గొంతు పిసికినట్టు అరిచి మరీ తోసేది.

ఆ అరుపు మాన్పించే పని ముత్యం నెత్తిన పడింది.

ముత్యానిది జగిత్యాల పక్క పల్లె. వచ్చిన కొత్తలో గ్యాస్ ప్లాంట్లు కట్టే రాస్ లఫాన్‌లో ఇనుప చువ్వలు వంచాడు. వంచీ వంచీ ఒకరోజు వంగినవాడు మళ్లీ లేవలేకపోయాడు. కాళ్లావేళ్లా పడితే కంపెనీ వాళ్లు విల్లాల మెయింటెనెన్స్‌లో వేశారు. ఏసీలు కడగాలి, నల్లాలు బిగించాలి. నీడపట్టు పని. మళ్లీ ఆ చువ్వల దగ్గరికి పంపితే తన నడుము దక్కదని ముత్యానికి బాగా తెలుసు.

మొదటిసారి పోయి ఫ్యాన్ విప్పి చూస్తే మోటారు ఇరుసు ఎండిపోయి ఉంది. స్టోర్‌లో మిషన్ ఆయిల్ అడిగితే, స్టోర్ కీపర్ తల కూడా ఎత్తకుండా "మాఫీ" అన్నాడు. లేదు పొమ్మని. దానికేం భాగ్యమని ముత్యం సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీశాడు. ఇంటి దగ్గర పెళ్లాం సాయవ్వ కుట్టుమిషన్‌కు పోసేదీ అదే. రెండు చుక్కలు పడగానే ఫ్యాన్ పిల్లిలా మెత్తగా తిరిగింది. ముత్యం మీసం తడుముకున్నాడు.

మర్నాడు సాయంత్రమే కంప్లెయింట్ వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియా ట్రాఫిక్‌లోంచి వ్యాను బయటపడి విల్లా చేరేసరికి మంట భగభగ మండుతోంది, ఫ్యాన్ బుద్ధిగా తిరుగుతోంది. అరుపూ లేదు, పాడూ లేదు.

"ఖసమ్ సే అరిచింది భాయ్," అన్నాడు మజ్లిస్‌లో అరబ్బుల కాఫీ గావా పోసే హమీదుద్దీన్. పాతబస్తీ మనిషి. ఇంటి యజమానిని బాబా అంటాడు. "మా బాబా చెవులు మూసుకున్నడు. నువ్వొస్తున్నవని ఎరుకైనట్టు చుప్ అయింది."

ముత్యానికి ఒళ్లు మండింది. అయినా ఊరికే పోలేక మరలన్నీ బిగించి, కింద పాత ట్యూబు ముక్కలు పెట్టి, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు చుక్కలు పోశాడు. మళ్లీ కంప్లెయింట్. ఈసారి రెక్కలకు పట్టిన బూడిదంతా బ్రష్‌తో దులిపాడు. ఇంకాసిన్ని నూనె పోశాడు. అరుపు ఇంకా పెరిగిందని ఫోన్. పరుగెత్తుకు పోతే ఎప్పటిలాగే ఫ్యాన్ నోరు మెదపదు.

"గిది నామీద పగబట్టింది," అని దాన్ని కాలితో తన్నబోయి, బాబా చూస్తున్నాడని ఆగాడు.

ఫోర్‌మన్ వేణుగోపాలరావుది కాకినాడ వైపు. ఆయన ఓపికా అయిపోయింది. "ఇదిగో ముత్యం, వెళ్లిన ప్రతిసారీ బాగైపోయిందనే చెప్పావు. ఇంకొక్క కంప్లెయింట్ వచ్చిందంటే శనివారం రాస్ లఫాన్ బస్సెక్కుదువుగాని," అన్నాడు. గురువారం సాయంత్రం ఆ ఒక్కటీ వచ్చేసింది.

శుక్రవారం పొద్దున బర్వా అల్ బరాహా క్యాంప్ గదిలో స్నానం చేసి తలకు నూనె రాసుకోబోయాడు ముత్యం. సీసా తలకిందులు చేసినా చుక్క రాలలేదు. చలికి తెల్లగా గడ్డకట్టింది. వారం నుంచీ రోజూ పొద్దున చేస్తున్నట్టే అగ్గిపుల్లతో గెలికాడు. గెలుకుతూ గెలుకుతూ ఆగిపోయాడు. పుల్ల కొసన ఉన్న తెల్లటి ముద్దను చూస్తూ తడి లుంగీతోనే మంచం మీద కూలబడ్డాడు. పొయ్యి ముట్టించేసరికి ఇరుసులో ఉన్నది ఈ ముద్దే! సెగ కిందికి దిగి అది కరిగేసరికి తను చేరుకుంటాడు. తను పోసినకొద్దీ ముద్ద పెరిగింది.

"నా బుద్ధి కాల!" అని నెత్తి కొట్టుకున్నాడు.

హమీదుద్దీన్‌ను బతిమాలి కారు తెప్పించుకుని, పొయ్యి చల్లగా ఉండగానే విప్పాడు. అనుకున్నట్టే ఉంది. కిరసనాయిలుతో కడిగి, దారిలో కొన్న మిషన్ ఆయిల్ పోశాడు. సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చున్నాడు. మంట వేయగానే లోపలికి పోయి నిలబడ్డాడు. ఫ్యాన్ తిరిగింది. కిక్కురుమనలేదు. బాబా గావా తాగుతూ టీవీ చూసుకుంటున్నాడు. అరవని ఫ్యాన్‌ను ఎవరు పట్టించుకుంటారు?

ముత్యం వేణుగోపాలరావుకు ఫోన్ చేశాడు. "దొరికింది సార్! నూనె గడ్డకట్టింది. గంతే!"

"ఖతర్‌లో నూనె గడ్డకట్టిందా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నావయ్యా?"

"ఒట్టు సార్. ఇప్పుడే పొయ్యి ముట్టిచ్చిన్రు. మీరే ఇనున్రి." ఫోన్‌ను ఫ్యాన్ దగ్గర పెట్టాడు.

కాసేపటికి రావు గొంతు వినిపించింది. "ఏమీ వినపడటం లేదే?"

"గదే సార్! గదే చెప్తున్న!"

"ఆన్ చేస్తేగా వినపడేది. పొద్దున్నే బస్సెక్కు," అని ఫోన్ పెట్టేశాడు.

ముత్యం బస్సెక్కాడు. ఎండ లేని చలి పొద్దున కూడా చువ్వలు చువ్వలే. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. నాలుగు రోజుల తర్వాత హమీదుద్దీన్ ఫోన్ చేసి, విల్లాకు కొత్త మనిషిని పంపారని చెప్పాడు. "వాడు ఏం చెయ్యలే భాయ్. కూసున్నడు, చాయ్ తాగిండు, పోయిండు. మీ రావు సాబ్ మా బాబాకు ఫోన్ చేసి, పని తెలిసినోన్ని పంపితే ఇట్ల ఉంటది అన్నడంట."

ముత్యానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ మంట ఎవరి మీద తీర్చుకోవాలో తోచక, ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇగో సాయవ్వా, కుట్టుమిషన్‌ల ఇగ కొబ్బరినూనె పొయ్యకు. చలికి గడ్డకడ్తది. మిషన్ ఖరాబైతది."

అవతల మిషన్ చప్పుడు ఆగింది. సాయవ్వ నవ్వింది. ఖతరైనా ఆమెకు దుబాయే.

"చెప్పొచ్చినవ్ తియ్యి. చలికాలం నేను మిషన్‌ను ఎండల పెట్టే తొక్కుత. దుబాయ్‌ల చువ్వలు వంచేటోనివి, మిషన్ల సంగతి నీకేమెరుక?"