కార్పొరేటర్ పిండికట్టు

మేం రాయపూర్ రైల్వే కాలనీలో ఉన్న రోజుల్లో మా వార్డు కార్పొరేటర్ తెలుగువాడే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మను అక్కా అని పిలిచేవాడు.

ఊళ్లో రోడ్లు ఊడ్చే ఆడవాళ్లకు మగవాళ్లకంటే కూలి తక్కువ. ఇద్దరికీ సమానంగా ఇవ్వాలనే తీర్మానం సభకు వచ్చినప్పుడల్లా ఈయనకు ఏదో ఒకటి అయ్యేది. ఒకసారి దగ్గు తెర వచ్చి బయటికి పరుగెత్తాడు. ఇంకోసారి కడుపునొప్పన్నాడు. చెయ్యెత్తితే రోడ్లూడ్చే కాంట్రాక్టు చేసే బావమరిదికి కోపం, ఎత్తకపోతే వార్డులో ఆడవాళ్లకు కోపం.

తీర్మానం మళ్లీ వచ్చిన రోజు పొద్దున్నే ప్లాస్టర్ చుట్టలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

“అక్కా, బహుత్ పరేషానీలో ఉన్నాను. నా కుడిచేతికి పిండికట్టు వేసెయ్.”

“విరిగిందా?”

“లేదు. విరిగిందని అందరూ అనుకోవాల.”

అమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పైకెత్తమంది.

“ఇలా పైకేనా?”

“భుజానికి ఇలాగే కడతారు తమ్ముడూ. కదలకు.”

కాసేపటికి ఆయన చెయ్యి ఇంటికప్పు వైపు నిటారుగా నిలబడింది. నేను పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయాను.

“అక్కా, ఇది దిగదేం?”

“ఎండిపోయాక ఎలా దిగుతుంది?”

తీయించుకోడానికి వేళ లేదు. రిక్షా ఎక్కి సభకు బయల్దేరాడు. దారిలో తమకే నమస్కారం పెడుతున్నాడనుకుని జనం చేతులూపారు. ఒక సిటీబస్సయితే ఆగింది కూడా.

వెనకే అమ్మ, నేను, ఊడ్చే ఆడవాళ్లూ వెళ్లి పైన గ్యాలరీలో కూర్చున్నాం. అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి అన్నాడు సభాధ్యక్షుడు. ఈయన చెయ్యి ఎత్తే ఉంది. మేం చప్పట్లు కొట్టాం. వ్యతిరేకులు ఎత్తండి అన్నాడు. అప్పుడూ ఎత్తే ఉంది. ఈయన్ని పక్కన పెట్టి లెక్కిస్తే రెండు వైపులా సమానంగా తేలింది.

“భాయీ సాబ్, ఇధర్ యా ఉధర్? ఇటా, అటా? చెయ్యి దించండి.”

“ఉతర్తా నహీ సాబ్! దిగదండీ!”

సభంతా ఘొల్లుమంది. గ్యాలరీ చివరి వరసలో బావమరిది కూడా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఈయనకు కట్టులోపల చెమట, దురద. ఎడమచేత్తో పెన్సిల్ దూర్చబోతే అది లోపలే ఉండిపోయింది.

“ఏ భైయా, సాఫ్ సాఫ్ బోల్ నా!” అని, ఏ వైపో తేల్చి చెప్పమని గ్యాలరీలోంచి ఒకామె కేకేసింది.

“బహెనోంకీ తరఫ్! అక్కచెల్లెళ్ల వైపే! అక్కా, ముందొచ్చి ఇది తియ్యి!” అని అరిచాడు.

తీర్మానం నెగ్గింది. ఇంటికొచ్చాక అమ్మ కట్టు తీస్తుంటే దాంతోపాటు వెంట్రుకలూ వచ్చాయి. ఆయన కేకలకు వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది.

తర్వాతి ఎన్నికల్లో, మీ కోసం ఎత్తిన చెయ్యి దించలేదని ప్రచారం చేసుకుని గెలిచాడు. అమ్మ కూడా ఆయనకే ఓటేసింది.

మా వీధి ఊడ్చే ఆవిడకు తన మొగుడితో సమానంగా కూలి వచ్చింది. ఆ మొగుడిదీ ఊడ్చే పనే. అలిగి ఆవిడతో మాట్లాడ్డం మానేశాడు. ఆవిడ పాన్ కొనిపెడితే, నములుతూ, కాస్త సున్నం ఎక్కువైందని మాత్రం అన్నాడట.