తలతో కొడితే రెండు గోల్స్

మా డిగ్రీ రోజుల్లో ఫుట్‌బాల్ రూల్స్ ఎవరు పెడతారని అడిగితే, సైనిక్‌పురిలోని మా కాలేజీలో అందరం ఆటలు నేర్పే పీడీ సార్‌నే చూపించేవాళ్లం. (ఇంకెవరో పెడతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) హాఫ్‌టైమ్ తర్వాత గోల్‌కీపర్లు జట్లు మారాలని ఒక వారం, కార్నర్‌ను చేత్తో విసరాలని ఇంకో వారం. మేం ఆయనకు రూల్స్ సార్ అని పేరు పెట్టుకున్నాం. నాకు మాత్రం కోపం కన్నా కుతూహలం ఎక్కువ. ఈ మనిషికి ఇవన్నీ ఎందుకు తడతాయో తెలుసుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. ఒకసారి టీ బండి దగ్గర అడిగేశాను. మన మ్యాచులకు ఆడేవాళ్లే గానీ చూసేవాళ్లు లేరని, ఈ ఏడాది కూడా ఇంతే అయితే గ్రౌండును పార్కింగ్‌కి ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ చెప్పేశారని సార్ చెప్పారు.

సైన్స్ వాళ్లతో మా కామర్స్ ఫైనల్‌కి కొత్త రూలు వచ్చింది, తలతో కొడితే రెండు గోల్స్. పొట్టివాణ్ణి, ఎంత ఎగిరినా బంతి నా తలకు ఎన్నడూ అందలేదు. చివరి నిమిషంలో మేం ఒక గోల్ వెనకపడి ఉన్నాం. వాళ్ల కీపర్ ఎటో పరిగెత్తాడు, బంతి వచ్చి గోల్ గీత ముందు బురదలో ఆగింది. కాలితో తోస్తే సమానం, తలతో అయితే గెలుపు. నేను ఇంకేం ఆలోచించకుండా బోర్లా పడుకుని, నుదుటితో బంతిని మెల్లగా లోపలికి నెట్టాను.

సైన్స్ కెప్టెన్ ఉరికొచ్చాడు. "ఏందీ సార్ గిది? తలతోని కొట్టుడంటే ఎగిరి కొట్టాలె గదా. గీడు పండుకున్నడు."

ఎంత ఎత్తులో కొట్టాలో రూల్లో లేదని మావాళ్లు వాదించారు. గొడవ విని క్యాంటీన్ ఖాళీ అయింది, లైబ్రరీ ఖాళీ అయింది, ప్రిన్సిపాల్ కూడా వరండాలోకి వచ్చారు. సార్ బంతిని చూడలేదు, ఆ జనాన్నే చూస్తూ నిలబడి, ఫైసలా వచ్చే శనివారం చెప్తానన్నారు. నేను బురద మొహంతో దగ్గరికెళ్లి, ఒకటా రెండా నాకొక్కడికైనా చెప్పమని బతిమాలాను.

"గిప్పుడే చెప్తే అందరు ఇంటికి పోతరు బిడ్డా. జెర ఆగు," అన్నారు సార్ నెమ్మదిగా.

శనివారం గ్రౌండులో నిలబడే చోటు లేదు. ఫైసలా మళ్లీ వాయిదా పడింది, ఆ పై శనివారం కూడా. పార్కింగ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సార్ రిటైరయ్యే రోజున దండ వేస్తూ అడుగుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. ఒకటే అంటే ఏం చేయను? ఇంట్లో పిల్లలకు మాత్రం ఆ ఫైనల్ మేమే గెలిచామని చెబుతున్నాను.