గురువారం కారు ఎక్కడికి వెళ్లింది

పిల్లికళ్ల డ్రైవర్ అంటే అణు కేంద్రం కాలనీలో తెలియనివాళ్లు లేరు. తేనెరంగు కళ్లు కాబట్టి ఆ పేరు. నోట్లో నాలుక లేని మనిషి. కారు మాత్రం పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు నడిపేవాడు. అందుకే బాంబు నమూనా గీసే పెద్దసారు, ఇతనే కావాలని అడిగి మరీ తన కారుకు వేయించుకున్నాడు.

పెద్దసారుకు వెనక సీట్లో కూర్చుని లెక్కలు గొణుక్కునే అలవాటు. ఒక మధ్యాహ్నం ఆ గొణుగుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్రైవర్ అద్దంలో చూసేసరికి సారు ఒళ్లు కొయ్యబారిపోయింది, మెడ ఒక పక్కకు లాగేసింది, నోటి వెంట నురగ. కారు రోడ్డు పక్కకు తీసి, ఆయన్ని ఒక వైపుకు తిప్పి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెలివి వచ్చాక పెద్దసారు అడిగిన మొదటి మాట, "ఎవరైనా చూశారా?"

మూర్ఛ ఉందని తెలిస్తే ఆయన్ని బాంబు పని జరిగే గదుల్లోకి అడుగు కూడా పెట్టనివ్వరు. కేంద్రం ఆసుపత్రికి వెళ్తే మర్నాటికల్లా పైవాళ్లకు తెలిసిపోతుంది. అందుకని ఊరికి ఆ చివర, సైకిల్ షాపు మీద మేడలో ఉండే ఒక డాక్టరును వెతికిపెట్టుకున్నాడు. గురువారం గురువారం డ్రైవర్ కారు వర్క్‌షాపుకు తీసుకెళ్తున్నానని గేటులో చెప్పి బయటపడేవాడు. పెద్దసారు కాసేపు నడిచి వస్తానని పక్కగేటు నుంచి బయటికొచ్చి మలుపులో ఎక్కేవాడు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ఇంత పెద్ద మనిషి తన చేతులు పట్టుకుని అడిగేసరికి డ్రైవర్‌కు కాదనబుద్ధి కాలేదు. తలూపాడు.

ఆ మరుసటి ఏడే బాంబు నమూనా బొమ్మ ఒకటి పరాయి దేశం చేతుల్లో తేలింది. కేంద్రమంతా అట్టుడికిపోయింది. భద్రతాధికారి ఒక్కొక్కరినీ పిలిచి గుచ్చిగుచ్చి అడిగాడు. గురువారాలు ఆ కారు తమ దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదని వర్క్‌షాపు మేస్త్రీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అదే రోజు డ్రైవర్‌ను ఎత్తుకెళ్లారు.

కిటికీ లేని గది. గోడలకు కొత్తగా వేసిన సున్నం. కూర్చోనిచ్చేవాళ్లు కాదు. అటు తిప్పి ఇటు తిప్పి ఒకటే ప్రశ్న: గురువారం కారు ఎక్కడికి వెళ్లింది? ఊరికే తిరిగానని చెప్పేవాడు. పెద్దసారు ఈరోజు వస్తాడు, రేపు వస్తాడు, వచ్చి ఒక్క మాట చెప్తాడు, తాను ఇంటికి వెళ్లిపోతాడు అనుకుంటూ దెబ్బలు తిన్నాడు. ఎడమ చేతి వేళ్లు రెండు వంకర తిరిగిపోయింది ఆ గదిలోనే. చివరికి భద్రతాధికారి ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. తాను గురువారాలు కాస్త నడవడానికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదని, కారు సంగతి తనకు తెలియదని పెద్దసారు సంతకం చేసి ఇచ్చాడు.

ఆ సంతకం చూసి కూడా డ్రైవర్ నోరు విప్పలేదు. సారు ఏదో ఆలోచించే చేసి ఉంటాడనుకున్నాడు. ఇచ్చిన మాట ఉండనే ఉంది. పైగా ఇప్పుడు చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు?

అసలు దొంగ వేరే ఊళ్లో దొరికాడు. బొమ్మలకు నకళ్లు తీసే విభాగంలో మనిషి. డ్రైవర్‌ను వదిలేశారు గానీ ఉద్యోగం ఇవ్వలేదు. కారు ఎక్కడికి వెళ్లిందో చెప్పనివాణ్ణి మళ్లీ ఎలా నమ్ముతామన్నారు. క్వార్టర్ ఖాళీ చేయించారు. రైల్వే గోడౌన్ల వెనక ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంటికి మారారు. భార్య టైలరింగ్ షాపులో కాజాలు కుట్టే పనికి చేరింది. అతను నీళ్ల ట్యాంకర్ నడిపాడు. గురువారాల గురించి భార్య ఏనాడూ అడగలేదు. అడగనందుకు మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకునేవాడు.

కూతురు పెద్దదై, రక్తపరీక్షల ల్యాబులో పనికి కుదిరాక ఆ నవల వచ్చింది.

రాసింది భద్రతాధికారి. రిటైరై, తోచక మొదలుపెట్టాడట. నవల వేడివేడిగా అమ్ముడుపోయింది. అందులో శాస్త్రవేత్త మహామేధావి, అమాయకుడు. అధికారి వీరుడు. దేశాన్ని అమ్ముకున్న ద్రోహి పిల్లికళ్ల డ్రైవర్. గురువారం గురువారం ఒక విదేశీ వయ్యారి దగ్గరికి వెళ్లి, ఆమె పరుపు మీద బాంబు రహస్యాలు పరిచేవాడు. ల్యాబులో ఎవరో చదివి, "ఇతను మీ నాన్నలా ఉన్నాడే" అని కూతురి చేతిలో పెట్టారు.

ఆమె దాన్ని తెచ్చి తండ్రి అన్నం తింటుండగా పళ్లెం పక్కన పెట్టింది. తల్లి షాపు నుంచి ఇంకా రాలేదు.

"నేను నమ్మను నాన్నా. కానీ గురువారం ఎక్కడికెళ్లేవాడివో నాకు చెప్పు."

చెప్పాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. చెప్పడం అయ్యాక, అలవాటు కొద్దీ, మీ అమ్మకు చెప్పకమ్మా అన్నాడు.

ఆదివారం కూతురు అతన్ని వెంటబెట్టుకుని భద్రతాధికారి ఇంటికి వెళ్లింది. ఆయన గుర్తుపట్టాడు, కుర్చీలు వేయించాడు, కాఫీ ఇప్పించాడు. మనిషి మెత్తబడిపోయాడు, మోకాళ్లకు పట్టీలు. కూతురు మూర్ఛ సంగతి చెప్పడం మొదలుపెడితే మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు.

"తెలుసమ్మా. మీ నాన్నని తీసుకొచ్చిన నెలలోపే తెలిసింది. ఆ డాక్టరు తనే వచ్చి చెప్పాడు."

డ్రైవర్ కప్పు కింద పెట్టేశాడు.

పైవాళ్లకు చెప్తే, నోరు మూసుకుని ఉండమన్నారట. పెద్దసారు లేకపోతే బాంబు లేదు. మూర్ఛ సంగతి బయటపడితే ఆయన్ని ఉంచడానికి వీల్లేదు. డ్రైవర్లంటావా, బోలెడుమంది. ఇదంతా ఆయన చాలా మామూలుగా, వాన కురిసిన సంగతి చెప్తున్నట్టు చెప్పాడు. మరి అంతా తెలిసీ ఇలా ఎందుకు రాశారని కూతురు అడిగింది.

"నవలన్నాక ఒక ద్రోహి కావాలి కదమ్మా. నకళ్లు తీసేవాడి కథ ఎవరు చదువుతారు? అయినా పేరు పెట్టి రాయలేదుగా."

అక్కడి నుంచి పెద్దసారు ఇంటికి వెళ్లారు. డ్రైవర్ వద్దన్నాడు. కూతురు వినలేదు. పెద్దసారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. పక్కన ఆయన భార్య కూరగాయలు తరుగుతోంది. డ్రైవర్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. గురువారాల మాట ఎత్తగానే పెద్దసారు పేపరు మడిచి, తనకేమీ గుర్తు లేదన్నాడు. ఏ గురువారాలన్నాడు.

అప్పుడు డ్రైవర్ ఆయన్ని వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, సారుకు ఫిట్స్ వచ్చేవి. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. మీకు చెప్పొద్దన్నారు."

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"నాకు తెలియకపోవడమేంటి? పక్కన పడుకునేదాన్ని నేను. నువ్వు ఎక్కడ చెప్పేస్తావోనని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని. నువ్వు నోరు విప్పి ఉంటే మేం రోడ్డున పడేవాళ్లం." కాస్త ఆగి, "నువ్వు మంచివాడివి" అంది.

డ్రైవర్ గేటు తీసుకుని బయటికి వచ్చేశాడు. దారిలో కూతురు ఏడుస్తుంటే, రోడ్డు చూసి నడవమన్నాడు.

ఇంటికి వచ్చాక కూతురు తల్లికి పూసగుచ్చినట్టు అంతా చెప్పేసింది. అమ్మ గుండె తేలికపడుతుందనుకుంది. ఆమె విని, విని, చేతిలో చొక్కా కింద పెట్టింది. మొగుడి వైపు చూసి చాలా నెమ్మదిగా అడిగింది.

"అందరికీ తెలుసు. ఆ అధికారికి తెలుసు, పైవాళ్లకు తెలుసు, ఆవిడకు తెలుసు. బయటిదాన్ని నేనొక్కదాన్నేనా?"

అతను తలొంచుకున్నాడు.

"గురువారం నీ చొక్కాలు సెంటు వాసన కొట్టేవి. ఖరీదైన వాసన. ఎవతినో పెట్టుకున్నావనుకున్నాను. దాన్ని కాపాడటానికే ఆ వేళ్లు విరగ్గొట్టుకున్నావనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని అడగలేదు."

ఆ వాసన పెద్దసారుదని, డాక్టరు మేడ మెట్లు భుజం పట్టి ఎక్కించేటప్పుడు అంటుకున్నదని అతను చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"లేని ఆడదాన్ని తిట్టుకుంటూ ఇన్నేళ్లు బతికాను. దాని మొహం ఎలా ఉంటుందో, ఏ చీర కట్టుకుంటుందో కూడా అనుకునేదాన్ని. నీ పెద్దసారుకు ఇచ్చిన మాటలో నాకు వాటా లేదా?"

ఆ తర్వాత కూతురు పత్రికవాళ్లకు చెప్తానంటే తల్లే వద్దంది. ఇప్పుడు ఊరంతా తెలిస్తే తనకు ఒరిగేదేమిటంది. నవల మళ్లీ అచ్చయింది. పెద్దసారుకు ఏదో బిరుదు వచ్చిందని పేపర్లో పడింది. డ్రైవర్ చూపు సరిగా ఆనక ట్యాంకర్ మానేసి, ఇంట్లోనే ఉంటున్నాడు. భార్య వేళకు అన్నం పెడుతుంది, మందులు తెస్తుంది, ఏ లోటూ చెయ్యదు. మాట్లాడటం మాత్రం కూతురితోనే. అతనికి ఏదైనా చెప్పాల్సి వస్తే, పక్కనే కూర్చుని ఉన్నా సరే, "మీ నాన్నకు చెప్పు" అంటుంది.